మూడోసారి పాసైన విద్యార్థి: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

ప్రతి బడిలోనూ ప్రధానోపాధ్యాయుల గదిలో ఒక బోర్డు ఉంటుంది. ఏ సంవత్సరం ఎవరు ప్రథమంగా ఉత్తీర్ణులయ్యారో దాని మీద రాసి ఉంటుంది. బడి వదిలి ఎన్నేళ్ళయినా, ఆ బోర్డు మీద తమ పేరు లేదన్న వెలితి మనలో చాలామందికి కొంత ఉంటూనే ఉంటుంది. ఈ స్వర్ణోత్సవ సంచికలో నేను తలుచుకోదలచిన మనిషి పేరు అలాంటి బోర్డుకు ఎక్కేది కాదు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కిన విద్యార్థి ఆయన. పేరు యల్లాప్రగడ సుబ్బారావు.

ఈయన్నే ఎంచుకోవడానికి మరో కారణం కూడా ఉంది. మన పూర్వ విద్యార్థుల సమావేశాల్లో పిల్లల ఉద్యోగాలు, మనవళ్ళ చదువులు అయ్యాక ఇప్పుడు ఆసుపత్రి సంగతులు వస్తున్నాయి. బీపీ, షుగరు గురించి అందరూ పైకే చెప్పుకుంటారు. రొమ్ము క్యాన్సర్ మాట మాత్రం గొంతు తగ్గించి చెబుతారు. చెప్పేవారి సంచిలో ఒక రిపోర్టు ఉంటుంది. అందులో ఇ.ఆర్. పాజిటివ్ అనో, నెగటివ్ అనో ఒక ముక్క ఉంటుంది. ఆ రెండక్షరాలకు అర్థమేమిటో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ రెండక్షరాల వెనక ఉన్న వైద్యాన్ని అర్థం చేసుకోవడానికి సుబ్బారావు గారి జీవితాన్ని మించిన పాఠం నాకు కనిపించలేదు.

భీమవరం నుంచి మద్రాసుకు

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. తండ్రి అనారోగ్యంతో ముందుగానే ఉద్యోగం విడిచిపెట్టడం వల్ల ఇల్లు గడవడమే కష్టమైంది. కుర్రవాడికి చదువు మీద గురి కుదరలేదు. కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదిద్దామని చిన్నతనంలోనే ఇంట్లోంచి బయలుదేరితే, పెద్దవాళ్ళు దారిలో పట్టుకుని వెనక్కి తెచ్చారు.

రాజమండ్రిలో చదివిన రోజులు ఆయనకు కలిసిరాలేదు. ఇంట్లో వరసగా జబ్బులు, చావులు. మెట్రిక్యులేషన్ ఒకసారి తప్పారు, మళ్ళీ తప్పారు. తల్లి మాత్రం చదువు మాన్పించలేదు. ఒంటి మీది నగలు అమ్మి కొడుకును మద్రాసు పంపింది. అక్కడ హిందూ హైస్కూలు నుంచి మూడో ప్రయత్నంలో ఆయన ఉత్తీర్ణులయ్యారు. తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివారు. 1913లో తండ్రి పోయారు. సన్యాసం తీసుకుని రామకృష్ణ మిషన్‌లో చేరాలని ఆ యువకుడికి కోరిక కలిగింది. ముందు వైద్యం చదివి, ఆ విద్యతో సేవ చేయమని మిషన్ పెద్దలు నచ్చజెప్పారు. అలా ఆయన మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఆ చదువుకు అండగా నిలిచినవారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు. వారి కుమార్తె శేషగిరి గారితోనే సుబ్బారావు గారికి వివాహం జరిగింది.

ఖద్దరు గౌను

అవి గాంధీగారి పిలుపుతో విదేశీ వస్త్రాలను వదిలేస్తున్న రోజులు. సుబ్బారావు గారు ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు గౌను వేసుకుని వెళ్ళారు. శస్త్రచికిత్స ఆచార్యుడైన ఆంగ్లేయుడికి అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. అంతకన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్టుతో సరిపెట్టుకోవలసి వచ్చింది. దానితో ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం దొరకలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం చెప్పే పనిలో చేరారు.

ఆ కాలంలోనే ఆ కుటుంబం మీద పెద్ద దెబ్బ పడింది. స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఇద్దరు సోదరులు కొద్ది వ్యవధిలోనే చనిపోయారు. మనవాళ్ళు గ్రహణి అని చెప్పుకునే తరహా జబ్బు అది. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోతుంది, మనిషి ఎండిపోతాడు. సుబ్బారావు గారికీ అదే జబ్బు వచ్చింది. లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో ఆయన బతికి బయటపడ్డారు. కళ్ళ ముందే సోదరులను తీసుకుపోయిన జబ్బుకు మందు ఎక్కడుందో వెతకాలన్న పట్టుదల ఆయన్ను జీవితాంతం వదల్లేదు.

బోస్టన్ రాత్రులు

మామగారి సాయంతో, కాకినాడ ప్రాంతంలో పేరున్న మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఆదరవుతో ఆయన 1920ల తొలినాళ్ళలో అమెరికా చేరి, బోస్టన్‌లో హార్వర్డ్ ఉష్ణమండల వైద్య పాఠశాలలో చేరారు. చేతిలో డబ్బు లేదు. అక్కడ వైద్యం చేయడానికి ఆయన పట్టా చెల్లదు. పొట్టకూటి కోసం ఒక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పని చేశారు. మద్రాసులో డాక్టరనిపించుకున్న మనిషి చేసిన పని అది. పగలు చదువు, రాత్రి ఆ ఊడిగం.

ఆ తర్వాత హార్వర్డ్ జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుడి దగ్గర చేరారు. 1925లో ఆ ఇద్దరూ రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతిని ప్రచురించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని దానికి పేరు. జీవరసాయన శాస్త్రం చదివిన మన పిల్లలు ల్యాబులో ఈ పేరు వినే ఉంటారు. 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని కనుగొన్నారు. 1929లో ఏ.టి.పి.ని కండరం నుంచి వేరుచేసి చూపించారు. జర్మనీలో లోమన్ కూడా అదే కాలంలో విడిగా దాన్ని కనుగొన్నారు. ఈనాడు హైస్కూలు జీవశాస్త్ర పాఠంలో కణానికి శక్తినిచ్చే నాణెం అని మనం చెప్పే ఏ.టి.పి. అదే. 1930లో ఆయనకు పిహెచ్.డి. వచ్చింది. కానీ హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం మాత్రం రాలేదు.

ఇంటి దగ్గర శేషగిరి గారు ఎదురుచూస్తూనే ఉన్నారు. ఆయన వెళ్ళాక పుట్టిన కొడుకు నెలల పసివాడుగానే చనిపోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడనేలేదు. భార్యాభర్తలు మళ్ళీ కలుసుకోలేదు. సుబ్బారావు గారి కీర్తిని చెప్పుకునేటప్పుడు ఆ ఇల్లాలు చెల్లించిన మూల్యాన్ని కూడా చెప్పుకోవడం న్యాయం.

ఆకు పేరున్న విటమిన్

1940లో ఆయన హార్వర్డ్ వదిలి న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ పరిశోధనశాలలో చేరి, పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. అప్పటికి శాస్త్రవేత్తలను ఒక చిక్కుముడి వేధిస్తోంది. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో మిల్లు కూలీలైన గర్భిణులలో ఒక రకం రక్తహీనతను చూశారు. ఈస్టు సారం తినిపిస్తే అది తగ్గింది. కాలేయంలో, ఈస్టులో, ఆకుకూరల్లో ఉన్న ఆ పదార్థం ఏమిటి? పాలకూర నుంచి తీసిన రూపానికి 1941లో ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. లాటిన్‌లో ఫోలియం అంటే ఆకు. లెడర్లీ బృందం కాలేయం నుంచి దాన్ని శుద్ధిచేసి, నిర్మాణం తేల్చి, 1945లో కృత్రిమంగా తయారుచేసింది. ఆ పరిశోధన పత్రంలో పదిమందికి పైగా పేర్ల మధ్య సుబ్బారావు గారి పేరు ఒకటిగా ఉంటుంది. ముందు నిలబడి ఫొటో దిగే స్వభావం ఆయనది కాదు.

మన బడుల్లో ఆడపిల్లలకు, ఊళ్ళలో గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఇనుముతో పాటు ఉండేది ఈ ఫోలిక్ ఆమ్లమే. ఇంతకన్నా పెద్ద విషయం, ఆ మందు స్ప్రూ రోగులను లేపి కూర్చోబెట్టింది. సోదరులను పోగొట్టుకున్న పాతికేళ్ళకు ఆ జబ్బుకు మందు ఆయన సొంత పరిశోధనశాల నుంచే బయటికి వచ్చింది.

తిరగని తాళంచెవి

కణం రెండుగా చీలాలంటే ముందు తన డి.ఎన్.ఏ.కు నకలు రాసుకోవాలి. ఆ రాతకు ఫోలిక్ ఆమ్లం కావాలి. రక్తం తయారయ్యే చోటైనా, క్యాన్సర్ గడ్డలోనైనా అంతే. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు లుకేమియా పిల్లలకు ఫోలిక్ ఆమ్లానికి దగ్గరి పదార్థాలు ఇచ్చి చూస్తే, జబ్బు తగ్గకపోగా జోరందుకున్నట్టు కనిపించింది. అయితే దీనికి విరుగుడు ఇస్తే ఏమవుతుందన్న ఆలోచన అక్కడ పుట్టింది. సుబ్బారావు గారి బృందం ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉంటూ దాని పని చేయని పదార్థాలను తయారుచేసి ఫార్బర్‌కు పంపింది.

తాళానికి అచ్చుగుద్దినట్టుండే నకిలీ చెవి దూరిస్తే ఏమవుతుంది? లోపలికి పోతుంది, కానీ తిరగదు. అది అడ్డంగా ఉన్నంతసేపూ అసలు చెవికి చోటుండదు. ఫోలిక్ ఆమ్లాన్ని పనిలోకి దించే ఎంజైములో ఈ నకిలీ చెవి ఇరుక్కుంటుంది. కణానికి డి.ఎన్.ఏ. రాసుకోవడం కుదరదు. అమినోప్టెరిన్ అనే మందుతో 16 మంది పిల్లల్లో 10 మందికి లుకేమియా తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించారు. మందుతో లుకేమియా వెనక్కి తగ్గడాన్ని అంత స్పష్టంగా లోకం చూసింది అప్పుడే. దాని తమ్ముడి లాంటి మందే మెథోట్రెక్సేట్. కీళ్ళవాతానికి వారానికోసారి వేసుకునే మాత్రగా కూడా మనలో కొందరికి అది పరిచయమే.

అయితే ఆ ప్రకటన వచ్చిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు గారు నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 53. బోదకాలుకు వాడే హెట్రజాన్ మందు, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా ఆయన నడిపిన పరిశోధనశాల నుంచే వచ్చాయి. మెథోట్రెక్సేట్ ఎంత దూరం ప్రయాణించబోతోందో చూడటానికి మాత్రం ఆయన లేకుండా పోయారు.

ఆ ప్రయాణం ఆడవాళ్ళ వైపే సాగింది. 1951లో న్యూయార్క్ హార్లెం ఆసుపత్రిలో డాక్టర్ జేన్ రైట్ బృందం ఈ మందు రొమ్ము క్యాన్సర్ గడ్డల మీదా పనిచేస్తుందని చూపించింది. 1956లో గర్భసంచికి సంబంధించిన కోరియోకార్సినోమా అనే క్యాన్సర్ దీనితో నయమైంది. 1976లో ఇటలీలోని మిలాన్‌లో బొనదొన్నా అనే వైద్యుడు ఆపరేషన్ అయ్యాక సైక్లోఫాస్ఫమైడ్, మెథోట్రెక్సేట్, ఫ్లోరోయురాసిల్ అనే మూడు మందులు కలిపి ఇస్తే రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టడం తగ్గుతుందని ప్రకటించారు. మూడింటి మొదటి అక్షరాలతో దానికి సి.ఎం.ఎఫ్. అని పేరు. ఇప్పుడు దానికన్నా కొత్త మందులు ఎక్కువ వాడుతున్నారు. అయినా ఆపరేషన్ తర్వాత కీమో ఇవ్వడమనే పద్ధతి నిలదొక్కుకున్నది ఆ మూడు మందుల మీదే. అందులో ఒకటి మన భీమవరం మనిషి బృందం నుంచి వచ్చింది.

రిపోర్టులోని రెండక్షరాలు

ఇక ఇ.ఆర్. సంగతి. అంటే ఈస్ట్రోజెన్ రిసెప్టర్. ఇది సుబ్బారావు గారి పరిశోధన కాదు, కానీ తాళం, చెవి పోలిక దీనికీ సరిపోతుంది.

ఈ కథ సరిగ్గా ఆయన పుట్టిన 1895లోనే స్కాట్లాండ్‌లో మొదలైంది. పాడి ఆవులకు అండాశయాలు తీసేస్తే పాలు ఇవ్వడం కొనసాగుతుందని రైతుల్లో ఒక అనుభవం ఉండేది. అండాశయానికీ పొదుగుకూ ఏదో లంకె ఉందన్నమాట. బీట్సన్ అనే గ్లాస్గో వైద్యుడు దాన్ని పట్టుకుని, రొమ్ము క్యాన్సర్ ముదిరిన ఒక స్త్రీకి అండాశయాలు తీసేశారు. గడ్డలు కరిగాయి. కానీ అందరికీ అలా జరగలేదు. కొందరికే ఎందుకు పనిచేస్తుందో అరవై ఏళ్ళ దాకా తేలలేదు.

1950ల చివర్లో చికాగోలో ఎల్వుడ్ జెన్సెన్ ఆ ముడి విప్పారు. అండాశయం విడుదల చేసే ఈస్ట్రోజెన్ రక్తంలో ఒళ్ళంతా తిరుగుతుంది. అయితే దాన్ని పట్టి ఉంచుకునే ప్రత్యేకమైన ప్రోటీన్ కొన్ని కణాల్లోనే ఉంటుంది. అదే రిసెప్టర్. అది తాళం, ఈస్ట్రోజెన్ చెవి. చెవి తిరిగితే, పెరుగు, చీలు అని కణంలోని జన్యువులకు ఆజ్ఞ వెళుతుంది. గడ్డలోని కణాల్లో ఈ తాళం ఉంటే ఇ.ఆర్. పాజిటివ్, లేకపోతే నెగటివ్. బీట్సన్ చికిత్స కొందరికే పనిచేయడానికి కారణం ఇదే.

పాజిటివ్ అన్న మాట చూసి చాలామంది భయపడతారు. నిజానికి అది ఒక దారి తెరిచి ఉందని చెప్పే మాట. ఆ తాళంలో నకిలీ చెవిలా కూర్చునే మందు టామాక్సిఫెన్. రొమ్ములో అది ఈస్ట్రోజెన్‌కు చోటివ్వదు. ఇంగ్లండ్‌లో 1962లో తయారై, 1970లలో వాడుకలోకి వచ్చింది. ముట్లుడిగిన స్త్రీలలో ఈస్ట్రోజెన్ కొవ్వు కణజాలంలో తయారవుతుంది కాబట్టి, ఆ తయారీనే ఆపే లెట్రొజోల్, అనాస్ట్రొజోల్ వంటి మాత్రలు ఇస్తారు. ఈ మాత్రలు కనీసం ఐదేళ్ళు వాడాలి. ఒంట్లో బాగానే ఉంది కదా అని రెండో ఏడే మానేయడం పెద్ద పొరపాటు. వేడి ఆవిర్లు, కీళ్ళనొప్పులు వస్తే డాక్టరుతో చెప్పాలి గానీ మన అంతట మనం ఆపకూడదు.

నెగటివ్ వచ్చినవారికి ఈ మాత్రలు పనిచేయవు. మన దేశంలో పాశ్చాత్య దేశాలకన్నా నెగటివ్ రకం పాలు ఎక్కువగా కనిపిస్తోంది. హెర్-2 అనే మరో పరీక్ష పాజిటివ్ అయితే దానికి వేరే మందులున్నాయి. అదీ కాకపోతే ప్రధాన ఆయుధం కీమోనే. కణం చీలకుండా అడ్డుకునే ఆ యుద్ధాన్ని ప్రారంభించినవారిలో సుబ్బారావు గారు ఒకరు. ఒక తాళం లేదని తెలిస్తే, అన్ని కణాలకూ ఉన్న ఇంకో తాళాన్ని వెతికిన మనిషి ఆయన.

బోర్డు మీద లేని పేరు

సుబ్బారావు గారికి నోబెల్ బహుమతి రాలేదు. హార్వర్డ్‌లో ఆయనతో కలిసి పనిచేసిన జార్జ్ హిచింగ్స్‌కు, ఇదే నకిలీ చెవి తరహా మందులు రూపొందించినందుకు, 1988లో మరో ఇద్దరితో పాటు వచ్చింది. ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. 1995లో శతజయంతికి మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది. అంతకుమించి మన పిల్లలకు ఆయన గురించి చెప్పింది తక్కువే.

ఈ సంచిక చదివే ఉపాధ్యాయులకు ఒక మనవి. తప్పిన పిల్లవాణ్ణి చూసినప్పుడు వెంకమ్మ గారిని గుర్తు చేసుకోండి. రెండుసార్లు తప్పిన కొడుకు మీద ఆ తల్లికి నమ్మకం పోయి ఉంటే, మనలో ఎందరి ఇళ్ళలోనో ఈరోజు ఒక మందు తక్కువయ్యేది.

నాతో చదివిన, నా ముందూ తర్వాతా చదివిన అక్కచెల్లెళ్ళకు ఇంకో మనవి. రొమ్ములో గడ్డ తగిలినా, చర్మం లోపలికి లాగినట్టు సొట్టపడినా, చనుమొన లోపలికి పోయినా, అక్కడి నుంచి రక్తం కనిపించినా వెంటనే చూపించుకోండి. నొప్పి లేదు కదా అని ఆగకండి. మొదట్లో చాలా గడ్డలకు నొప్పి ఉండదు. కోతలు అయ్యాక, అమ్మాయి పెళ్ళి అయ్యాక అని వాయిదా వేయకండి. ముక్క పరీక్ష రిపోర్టు చేతికొచ్చాక ఇ.ఆర్., పి.ఆర్., హెర్-2 ఎలా ఉన్నాయో డాక్టరును అడగండి. అడగటం మీ హక్కు. అన్నదమ్ములారా, ఆ మాట ఇంట్లో గొంతు తగ్గించకుండా చెప్పుకునే వీలు కల్పించడం మన బాధ్యత. అరుదుగానే అయినా ఈ జబ్బు మగవాళ్ళకూ వస్తుంది.

ఈసారి మన బడికి వెళ్ళినప్పుడు ఆ బోర్డు ముందు ఒక్క నిమిషం నిలబడదాం. దాని మీద పేరున్నవాళ్ళను అభినందిద్దాం. పేరు లేనివాళ్ళ బెంచీల వైపు కూడా ఒకసారి చూద్దాం. సుబ్బారావు గారు కూర్చున్నది ఆ బెంచీల మీదే.